వెనక నుంచి పడ్డ ఎలుగు

మొన్న మా కాఫీ కొట్టు ముందర పట్నం పిల్లలు బల్ల చుట్టూ మూగి పాచికల ఆట ఆడుతున్నారు. ఒకడు కథ చెబుతూ చెబుతూ "వెనకనుంచి మీద పడ్డారు, నువ్వు చచ్చావ్!" అని బల్ల గుద్దాడు. ఆటలో చచ్చినవాడి మొహం చూసి మిగతావాళ్ళు పళ్ళికిలించారు. నాకు రోత పుట్టింది. ఆటని వద్దనను. కానీ మనిషిని వెనకనుంచి పడగొట్టి అదే తెలివనుకునే నవ్వొకటి ఉంటుంది, ఆ నవ్వు మా ఇంట్లోనూ ఒకసారి విన్నాను.

మా మరిది విశాఖపట్నం హాస్టల్లో చదివే రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ ఆట మా గూడేనికి తెచ్చాడు. ఒకరు కథ చెప్పాలి, తక్కినవాళ్ళు కథలో తలా ఒక మనిషై తామేం చేస్తారో చెప్పాలి, తేలని చోట పాచిక వెయ్యాలి. వాన పట్టిందంటే ఇంట్లో అదే పని. అతని కథల్లో అందరూ రాజులే, ఒక్కడికీ ఆకలి వెయ్యదు, ఎవరూ అంట్లు తోమరు. నన్ను రాణిగా ఉండమంటే ఒక పూట ఉండి చూశాను. రాణికి పనేమీ లేదని తెలిసి లేచొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. మా గుంట, నా కూతురు, మాత్రం రాజుల్ని ఒల్లనంది. వాళ్ళ అయ్యని ఆటలోకి తెచ్చుకుంది.

దాని అయ్య, అంటే నా పెనిమిటి, అంతకు ముందటి వానల్లో కాఫీ తోట దారిలో ఎలుగుబంటి చేతిలో పోయాడు. మా కొండదారుల్లో మలుపు వచ్చే ముందు గట్టిగా కేక వేస్తాం, కూక అంటాం దాన్ని. మనిషి వస్తున్నాడని తెలిస్తే ఎలుగు తప్పుకుంటుంది. నడక నేర్చిన పిల్లకి కూడా అది అలవాటే. మరి ఈయన కూక వెయ్యలేదట, జీలుగు కల్లు తాగి మూగగా నడిచాడట! చూసినవాడు ఒక్కడూ లేడు. శవాన్ని మోసుకొచ్చినవాళ్ళే ఆ మాటనీ మోసుకొచ్చారు. థూ!

ఆవేళ ఆటలో గుంట వాళ్ళ అయ్య తోట దారి పట్టాడు. మరిది గొంతు తగ్గించి, తగ్గించి, ఒక్కసారిగా చాప చరిచాడు.

"మలుపు తిరగ్గానే ఎలుగు! ఎనకనించి! మీ అయ్యకి తెలీనేలేదు."

"మా అయ్య కూకేసేడు," అంది గుంట.

"నువ్వు సెప్పలేదు కదే. సెప్పకపోతే ఏసినట్టెలాగవుద్ది?" అని నవ్వాడు.

గుంట నవ్వలేదు. "నువ్వూ అలాగే అనుకుంతన్నావేటి, సిన్నయ్యా?" అంది.

మరిది తల దించుకున్నాడు. తోడబుట్టినవాడు కూడా ఆ కల్లు మాట నమ్మేశాడని అప్పుడు తెలిసింది నాకు. మూకుడులో వేపుతున్న అడ్డపిక్కలు, అడవి తీగ గింజలు, మాడుతున్నా కదల్లేకపోయాను.

"ఊపిరి తీస్తన్నానని కూడా సెప్పాలేటి నీకు?" అన్నాను. "మీ అన్న కాళ్ళు కదిపితే నోట్లోంచి కూకొచ్చేది. పట్నం రోడ్లమీద తిరిగి మరిసిపోనావు. పాచికెయ్యి. కూకేసేడా లేదా అని కాదు. ఎలుగుకి ఇనపడిందా లేదా అని."

"ఆటే కదొదినా..."

"బేగి ఎయ్యి."

గుంట లాక్కుని తనే వేసింది. ఒకటి పడింది. ఎలుగుకి వినపడలేదన్నమాట. ఎందుకు వినపడలేదో కథ చెప్పేవాడే చెప్పాలి. మరిది ఆ పాచికని చేతిలోకి తీసుకున్నాడు. మొహంలో నవ్వు లేదు.

"గెడ్డ పొంగిందే, గుంటా," అన్నాడు మెల్లగా. "మీ అయ్య కూకేసేడు. గట్టిగానే ఏసేడు. ఆ హోరులో ఎలుగుకి ఇనపడలేదు."

ఆటలో అయ్య పోయాడు. అయినా గుంట "మరి అదీ మాట!" అని కళ్ళు తుడుచుకుని, మాడిన పిక్కలు ఏరుకుని తినసాగింది.

ఆయన పోయిన రోజున తోట దారి పక్క వాగు, ఆ గెడ్డ, పొంగిన సంగతి గూడెమంతటికీ తెలుసు. ఆ ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. తోడబుట్టినవాడి చేత అనిపించడానికి కూడా ఒక పాచిక ముక్క కావలసివచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన మొహమే నాకు మసకబారింది గానీ, ఆ కల్లు మాట మీది రోత మాత్రం నిన్నటిదిలాగే ఉంది.