‘ఏమన్నాడు’ బాబాయి

లోకంలో ఉన్న అలవాట్లన్నీ వదిలేసి మా బాబాయికి ఒక్కటే అంటుకుంది, అదీ యాభై దాటాక. సినిమాలో ఎవరైనా నోరు తెరిచి మూయడం ఆలస్యం, "ఏమన్నాడు?" అంటాడు. హీరో మాట్లాడినా, విలన్ మాట్లాడినా అదే ప్రశ్న. హీరోయిన్ మాట్లాడినా, ఆవిడ నాయనమ్మ మాట్లాడినా కూడా "ఏమన్నాడు?" అనే. దాంతో మా వీధిలో ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు.

మేము పై వాటాలో ఉంటాం, బాబాయి, పిన్ని కింది వాటాలో. ఆదివారం సాయంత్రం అందరం కింది హాల్లో చేరి టీవీలో సినిమా చూడటం ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. రెండున్నర గంటల సినిమా మా ఇంట్లో మూడున్నర గంటలు నడుస్తుంది. ఒకసారి హీరో తండ్రి కొడుకు చెవిలో ఏదో రహస్యం చెప్పి ప్రాణం విడిచాడు. "ఏమన్నాడు?" అన్నాడు బాబాయి. ఎవరికీ సరిగ్గా తెలియలేదు. వెనక్కి తిప్పాం. ఆ పెద్దాయన మళ్లీ చెప్పి, మళ్లీ పోయాడు. ఈసారి వంటింట్లో మిక్సీ మోతలో మాట కలిసిపోయింది. మూడోసారి తిప్పబోతుంటే మా నాన్న, "పాపం, ఆయన్ని ఇకనైనా పోనివ్వరా" అని తమ్ముణ్ణి బతిమాలుకున్నాడు.

థియేటర్లో రిమోటు ఉండదు కదా, అక్కడైనా దారికొస్తాడని ఒకసారి తీసుకెళ్లాం. మా ముందు వరుసలో ఒక బట్టతల పెద్దమనిషి మొదట వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు. కాసేపటికి విసుక్కుంటూ జవాబు చెప్పాడు. ఇంటర్వెల్ దాటాక అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. చివర్లో బాబాయి చెయ్యి పట్టుకుని, జన్మలో ఇంత శ్రద్ధగా ఏ సినిమా చూడలేదని చెప్పి వెళ్లాడు. బాబాయి పక్క సీట్లో ఉన్న పిన్ని ఆ పెద్దమనిషి చెప్పిన ప్రతి జోకుకీ హాయిగా నవ్వింది.

పోనీ చెవుడా అంటే, బాబాయివి పాము చెవులు. ఆయన పనిచేసేది లైబ్రరీలో. చివరి బీరువా వెనక ఎవరైనా పుస్తకంలో కాగితం చింపబోతే, ఇక్కడ బల్ల దగ్గర తల పైకెత్తుతాడు. ఇంట్లో బిస్కెట్ల డబ్బా మూత ఎంత మెల్లగా తీసినా వరండాలోంచి "నాకూ రెండు" అని వినిపిస్తుంది. వారమంతా లైబ్రరీలో చాకిరీ చేసిన చెవులు ఆదివారం సెలవు పెడతాయని మా నాన్న తేల్చేశాడు.

ఇదిలా ఉండగా టీవీ ముసలిదైపోయింది. మాటలు ముద్దముద్దగా వచ్చేవి. సౌండు పెంచితే సంగీతం పెరిగేది గానీ మాట పెరిగేది కాదు. పైగా పక్కింటాయన గోడ మీద గుద్దేవాడు. ‘ఏమన్నాడు’లు ఎక్కువైపోయాయి. ఒక ఆదివారం మా నాన్నకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక ఈ సామూహిక సినిమాకి తాను రానని, వచ్చే వారం నుంచి ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చని చెప్పేశాడు. నిజానికి అప్పటికే పిన్ని కూడా సగంలో లేచి మూలనున్న కుట్టుమిషను దగ్గరికి పోతోంది. ఈమధ్య సినిమాలు బాగుండటం లేదట.

బాబాయి కుట్టుమిషను వైపే కాసేపు చూశాడు. "ఆదివారం సినిమా ఆగడానికి వీల్లేదు. హోమ్ థియేటర్ కొందాం" అన్నాడు. హాలుకి రంగులు వేయించడానికి దాచిన సొమ్ముంది, గోడలు ఇంకో ఏడాది ఓపిక పడతాయన్నాడు. స్పీకర్ల గురించి నాకు అంతా తెలుసని ఇంట్లో ఒక అపోహ ఉంది కాబట్టి నన్ను తోడు రమ్మన్నాడు.

నాకు తెలిసింది ఒక్కటే, పెద్ద బేస్ డబ్బా ఉండాలి, కిటికీలు అదరాలి. షాపులో సేల్స్‌మాన్‌ది కూడా నా మతమే. అయిదు చిన్న స్పీకర్లు, ఒక బేస్ డబ్బా కలిపిన సెట్టు చూపించి యుద్ధం సీను వేశాడు. నా చొక్కా బొత్తాలు వణికాయి. నేను గాల్లో తేలిపోతున్నాను.

"ఏమన్నాడు?" అన్నాడు బాబాయి.

"ఎవరూ ఏమీ అనలేదు సార్. బాంబు పేలింది."

"పేలాక ఏమన్నాడు?"

"పోయాడు సార్."

బాబాయి తల అడ్డంగా ఊపి, జేబులోంచి ఇంత దూది తీసి రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కుకున్నాడు. ఎదురుగా వేసిన కుర్చీని ఓ మూలకి లాక్కుపోయి, టీవీకి ఏటవాలుగా కూర్చుని, ఎవరైనా మెల్లగా మాట్లాడే సీను వెయ్యమన్నాడు. సేల్స్‌మాన్ నా వైపు చూశాడు. నేను పైనున్న ఫ్యాను వైపు చూశాను. మిఠాయి కొట్టుకి నోటికి గుడ్డ కట్టుకుని వచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశామా?

వెనక వయొలిన్లు మోగుతుండగా ఒక ముసలావిడ మనవడితో గొణుగుతున్న సీను దొరికింది. బాబాయి సెట్టు తర్వాత సెట్టు మార్పించాడు. ప్రతిసారీ తల అడ్డంగానే ఊగింది. చివరికి సేల్స్‌మాన్‌కి పట్టుదల వచ్చింది. వెనక స్పీకర్లు, బేస్ డబ్బా అన్నీ పీకేసి, టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు ఒకటి, దానికి చెరోపక్కా ఒకటి తగిలించాడు. సినిమాలో మాటలు చాలామటుకు ఆ మధ్యదాంట్లోంచే వస్తాయని చెప్పాడు. సీను నడిచింది. బాబాయి ముఖం వెలిగిపోయింది. దూది చెవుల్లో ఉండగానే ముసలావిడ మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

చిక్కేమిటంటే, మా దగ్గరున్న సొమ్ముకి ఆ మూడు స్పీకర్లు, వాటిని నడిపే యాంప్లిఫయర్ మాత్రమే వస్తాయి. లేదా బాంబులు పేల్చే మొదటి సెట్టు మొత్తం వస్తుంది. నేను మొదటి సెట్టుకి శాయశక్తులా వాదించాను.

"పిండి కొద్దీ రొట్టెరా. బాంబులు మనకెందుకు? మాటలొస్తే చాలు" అన్నాడు బాబాయి.

బిల్లు రాస్తుంటే, ఆ దూది ఏమిటని అడిగాను. ఆయన ఒక చెవిలోది తీసి వేళ్లతో నలుపుతూ, "ఇది పెట్టుకుంటే నాకెంత వినిపిస్తుందో, మీ పిన్నికి అంతవరకే వినిపిస్తుందిరా" అన్నాడు.

చాన్నాళ్లుగా ఆమెకి వినికిడి తగ్గుతోందట. చెవులు చూపించుకుందామంటే, తన చెవులు బాగానే ఉన్నాయని, సినిమావాళ్లకే నోరు పెగలడం లేదని రెండ్రోజులు అలిగి కూర్చుందట.

"అందరిలో ‘ఏమన్నాడు’ అని అడగడానికి తనకి నామోషీ. నాకేం నామోషీ? నేనడిగితే మీలో ఎవరో ఒకరు గట్టిగా చెప్తారు. తను వింటుంది" అన్నాడు. ఇంట్లో నోరు జారితే నా సంగతి చూస్తానని కూడా అన్నాడు.

పిన్ని ప్రతి జోకుకీ అందరికన్నా ఆలస్యంగా, మేము అరిచి చెప్పాకే ఎందుకు నవ్వేదో అప్పుడు తెలిసింది. షాపులో బాబాయి కుర్చీ లాక్కుపోయిన మూల కూడా, ఇంట్లో టీవీకి పిన్ని కుట్టుమిషను ఉండే వైపే. ఆయన్ని అక్కడే కావలించుకోవాలనిపించింది. బేస్ డబ్బా మీద ఆశ పూర్తిగా చచ్చిందని మాత్రం చెప్పలేను.

ఆదివారం వచ్చింది. ఇదే ఆఖరిసారని చెప్పి మరీ మా నాన్న కిందికి దిగాడు. పిన్ని పనుందంటూ మిషను ముందు కూర్చుంది. కొత్త స్పీకర్లతో సినిమా మొదలైంది. బాబాయి నోరు మెదపలేదు. కాసేపు చూసి నాన్నకి భయమేసి, ఒంట్లో బాగానే ఉందా అని తమ్ముడి నుదురు పట్టి చూశాడు. మిషను చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. పిన్ని కుర్చీ మా వైపు తిరిగింది.

తెర మీద హాస్యగాడు ఉద్యోగానికి వెళ్లాడు. నీకే పని వచ్చని యజమాని అడిగాడు. వాడు తల గోక్కుంటూ ఏదో గొణిగాడు. ఫక్కున నవ్వు వినిపించింది. అందరికన్నా ముందు నవ్వింది పిన్ని.

బాబాయి అసలు తెర వైపు చూడటమే లేదు, ఆవిడ ముఖమే చూస్తున్నాడు. నవ్వుల మధ్య ఉలిక్కిపడి, "ఏమన్నాడు?" అన్నాడు.

అలవాటుగా మా నాన్న నోరు తెరిచాడు. పిన్ని చేత్తో వారించింది.

"ఈసారి మీ కోసమేనా అడిగింది?" అంది.

దొరికిపోయిన దొంగలా బాబాయి నా వైపు చూశాడు. నేనేమీ చెప్పలేదని కళ్లతోనే ఒట్టేశాను.

"నా కోసమే" అన్నాడు మెల్లగా. అదీ ఆవిడకి వినిపించినట్టుంది.

"ఏ పనీ చెప్పకపోతే చాలా బాగా చేస్తానండీ, అన్నాడు. రేపు చెవుల డాక్టరు దగ్గరికీ వస్తాలెండి. ముందు తెర వైపు చూడండి" అని పిన్ని కుర్చీ తెచ్చి బాబాయి పక్కన వేసుకుంది.

అటు చివర కూర్చున్న మా నాన్న నా మోచెయ్యి పొడిచి, "ఏమందిరా?" అన్నాడు. అదంతా ఆయనకి అప్పటికప్పుడు చెప్పడం నా వల్ల కాదు. జవాబుకి బదులు రిమోటు తీసుకుని సినిమా కొంచెం వెనక్కి తిప్పాను.