తాను తాగని చెలమ

దెయ్యాలు, ఆత్మలు అంటూ మొదలుపెట్టేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. శాంటా క్లారాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఎవరేం చెప్పినా మళ్ళీ చేసి చూపించమంటాను. మావారు దీన్ని జబ్బంటారు. పార్టీల్లో ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టే రాస్తాను.

2012లో మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. అప్పటిదాకా సెలవంటే ఇండియా, ఇండియా అంటే వీసా స్టాంపింగ్ టెన్షన్. ఈసారైనా ఇంకెక్కడికైనా పోదామని మావారు పట్టుబట్టారు. అలా ఆగస్టులో, ఏడేళ్ళ మా నిత్యని తీసుకుని ఆఫ్రికాలో టాంజానియా వెళ్ళాం. అందరూ వెళ్ళే చోటికి కాదు. దక్షిణాన ఎక్కడో దూరంగా, వానాకాలంలో తప్ప పారని ఒక ఏటి ఒడ్డున ఉన్న క్యాంప్‌కి.

మాది అనంతపురం జిల్లా. ఎండిన ఏరు నాకు కొత్త కాదు. అయినా ఆ ఏటిని చూస్తూ నిలబడిపోయాను. అంత వెడల్పు ఇసుక, రెండు ఒడ్డుల మీదా గాదెల్లా లావెక్కిన చెట్లు, చుట్టూ కనుచూపు మేర ఎండుగడ్డి. ఇసుకలో ఏనుగులు వరసగా నిలబడి చెలమలు తీస్తున్నాయి.

మా అమ్మమ్మ ఊళ్ళో ఎండాకాలం ఆడవాళ్ళు ఏట్లో గుంట తీసి, మొదట ఊరిన బురద నీళ్ళు తోడి పారబోసి, తేటనీళ్ళు ఊరేదాకా కూర్చునేవాళ్ళు. ఏనుగులూ అంతే. కాలితో తవ్వి, తొండంతో బురద నీళ్ళు అవతల చల్లి, ఓపిగ్గా ఆగి, అప్పుడు తాగుతున్నాయి. అవి వెళ్ళాక జింకలు, కోతులు, పక్షులు ఆ గుంటల్లోనే తాగుతాయని మా గైడ్ జోసెఫ్ చెప్పారు. ఆయన యాభై దాటిన మనిషి, ఆ ఏటి ఒడ్డునే పుట్టిపెరిగారు. ఇంత అడవీ ఆ గుంటల మీద బతుకుతోందంటే ఆశ్చర్యమేసింది. అమెరికాలో పదేళ్ళుగా నేను చూసినవన్నీ కలిపినా ఆ పొద్దుటికి సరిరావు.

మూడో రోజు జీపులో ఏటి వెంట చాలా దూరం పోయాం. మధ్యాహ్నం ఒక వంపు దగ్గర ఆగి, క్యాంప్ వంటవాళ్ళని బతిమాలి నేను కలుపుకొచ్చిన పులిహోర తిన్నాం. చేత్తో తిన్నాక ఎంగిలి చెయ్యి కడుక్కోవాలి కదా. ప్లేట్లు ఎంగిలితో అలా పడేస్తే నాకు మనసొప్పదు. సీసా తర్వాత సీసా ఒంపేశాను. జోసెఫ్ చూసినా ఆపలేదు. వెనక పెద్ద నీళ్ళ డబ్బా ఉందని ఆయన ధైర్యం.

ఏరు దాటబోతే జీపు ఇసుకలో కూరుకుపోయింది. గంటన్నర తంటాలు పడ్డా కదల్లేదు. నీళ్ళ డబ్బా ఎత్తితే తేలిగ్గా లేచింది. అడుగున పగులు. నీళ్ళన్నీ దారిలోనే కారిపోయాయి. మిగిలింది ఒక సీసాలో సగం.

అప్పటికే నిత్యకి వాంతులు మొదలయ్యాయి. ఆ సగం సీసా పట్టాం, అదీ కక్కేసింది. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. రేడియో అక్కడ పలకడం లేదు. ఎదురుగుట్ట ఎక్కితే పలుకుతుందని జోసెఫ్ బయల్దేరారు. ఒంటరిగా తిరిగే చోటు కాదు కాబట్టి మావారూ వెంట వెళ్ళారు. జీపు దిగొద్దని నాకు మరీ మరీ చెప్పారు.

దిగాను. స్టీల్ ప్లేటుతో చెలమ తవ్వాను. భుజం దాకా చెయ్యి దిగినా పొడి ఇసుకే. ఆ ప్లేటు కడగడానికి పారబోసిన నీళ్ళు గుర్తొచ్చి, నన్ను నేను తిట్టుకుంటూ ఏడ్చాను. పిలిస్తే నిత్య పలకడం లేదు.

తలెత్తేసరికి ఏనుగు. ఒక్కటే ఉంది. ఆడది, ఎడమ దంతం లేదు. ఒక్క ఉరుకులో జీపెక్కి తలుపు వేసుకున్నాను. అది మావైపు చూడనైనా చూడకుండా నా గుంట దాటి, అవతల రాళ్ళ పక్కన తవ్వడం మొదలుపెట్టింది. మూడుసార్లు తోడి పారబోసింది. నీళ్ళు ఊరాయి. ఎండకి మెరుస్తుంటే జీపులోంచే కనిపించాయి. కానీ తాగలేదు. పక్కకి జరిగి, మాకు వీపు తిప్పి నిలబడింది.

నిత్య ఎప్పుడు కళ్ళు తెరిచిందో, "అమ్మా, తను ఎందుకు డ్రింక్ చేయట్లేదు?" అంది.

ఎక్కడి తెగింపో నాకు తెలీదు. గ్లాసు తీసుకుని, పిల్లని చంకనేసుకుని వెళ్ళాను. ఏనుగు పదడుగుల దూరంలో ఉంది. అంతకుముందు చూసిన ఏనుగుల వాసన యాభై గజాల నుంచే గుప్పుమనేది. దీనికి ఏ వాసనా లేదు. నీళ్ళు గుక్కగుక్కగా పట్టాను, తల తడిపాను. ఈసారి కక్కలేదు. కాసేపటికి పిల్ల ఒళ్ళు చల్లబడింది. నేను తలెత్తి చూసేసరికి ఏనుగు లేదు.

సాయంత్రం ఇంకో జీపుతో అందరూ వచ్చారు. చెలమ చూసి జోసెఫ్, "ఎవరు తవ్వారు మేడమ్?" అని అడిగారు. చెప్పాను. ఆయన దాని చుట్టూ రెండుసార్లు వంగి తిరిగారు. ఇసుకలో నా చెప్పుల గుర్తులు తప్ప ఇంకేం లేవు. ఇక్కడికి ఏనుగేదీ రాలేదన్నారు. ఆ రాత్రి క్లినిక్‌లో డాక్టరు, ఆ నీళ్ళు పడకపోయుంటే పిల్ల దక్కేది కాదన్నారు. భయంలో నేనే తవ్వి ఉంటానని మావారు తేల్చారు. నేనూ సరేననుకున్నాను. అంతకంటే తెలివైన మాట నాకూ తోచలేదు.

రెండు రోజుల తర్వాత క్యాంప్‌లో నిత్య ఆ ఏనుగు బొమ్మ వేసింది. ఒకటే దంతం. వెనక కాలికి నల్ల క్రేయాన్‌తో ఒక చుట్టు గీసింది. ఆ చుట్టు నేను చూడనే లేదు. అటుగా వెళుతున్న జోసెఫ్ బొమ్మ చూసి ఆగి, కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"ఈ ఏనుగు పాపకి ఎలా తెలుసు?"

మర్నాడు మమ్మల్ని మళ్ళీ ఆ వంపుకే తీసుకెళ్ళారు. ఒడ్డు మీద గడ్డిలో ఏనుగు ఎముకలు. పుర్రెకి కుడి దంతం ఉండే గుంట ఒక్కటే పెద్దదిగా ఉంది, ఎడమది పూడుకుపోయింది. వెనక కాలి ఎముకకి తుప్పు పట్టిన తీగ, వేటగాళ్ళ ఉచ్చు తాలూకుది. మూడేళ్ళ కిందటి కరువులో దాని పిల్ల ఆ వంపులోనే దాహంతో చచ్చిపోయిందట. ఇది తవ్వుతూనే ఉందట, నీళ్ళు ఊరేసరికి ఆలస్యమైపోయిందట. మరుసటేడు ఇదీ పోయింది. ఈ సంగతి ముందే విన్నారా అని మావారినీ నిత్యనీ గుచ్చి గుచ్చి అడిగాను. ఎవరూ వినలేదు.

ఇదంతా జరిగి మూడేళ్ళయింది. చెలమ నిజం, నీళ్ళు నిజం, తీగ నిజం. మిగతాది ఎన్ని విధాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

దారిన పోయే ఏనుగులు ఆగి ఆ ఎముకల్ని తొండంతో తాకి వెళ్తాయని ఆ రోజు అక్కడే జోసెఫ్ చెప్పారు. అందరూ జీపు వైపు నడిచాక నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ పుర్రె మీద చెయ్యి పెట్టాను. ఏ భాషలో చెప్పాలో తెలీక తెలుగులోనే చెప్పాను, నా పిల్ల బతికిందని.