అమ్మ చెప్పని సాక్ష్యం

పోయిన ఆదివారం హిందూపురంలో మేము పోయే చర్చిలో ఒక చిన్న వయసు తల్లి మైకు పట్టుకుని, కొడుక్కి జ్వరం పూర్తిగా తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు, ముందు వరుసలో ఒకాయన ఫోనులో వీడియో తీశాడు. ఆ పిల్లవాడేమో ఆమె భుజం మీద ఇంకా మూలుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 

నా ఈడువాళ్ళకు ఆ కాలపు ప్రార్థన మందిరాలు గుర్తుండే ఉంటాయి. పెనుకొండ కొండ కింద మా పల్లెలో ఉన్నది రేకుల కొట్టం, లోపల ఈతచాపలు, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. పాటలయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును ఎవరికి వారు లేచి చెప్పడం. వారమంతా చెనక్కాయల చేలల్లో వంచిన నడుము ఎత్తకుండా, రైతు ఎన్ని మాటలన్నా పలక్కుండా ఉండే మా అమ్మ అక్కడ మాత్రం కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడి గలగలా మాట్లాడేది. ఆమెకు నోరంటూ ఒకటుందని ఊరికి తెలిసింది అక్కడే. నాయనకు ఈ భక్తి పట్టలేదు, ఆయన ధర్మవరంలో మగ్గం కూలికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మా ఇంట్లో దేవుడంటే అమ్మే, అమ్మంటే దేవుడే, ముఖ్యంగా మా అన్నకు.

ఆ అన్నకే క్షయ వచ్చింది. హిందూపురం పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చి, నెలల తరబడి ఒక్క పూటైనా తప్పకుండా మింగాలన్నారు. మింగుతుంటే కడుపులో మంట, నోటికి ఏదీ రుచించకపోవడం. అయినా కొన్నాళ్ళకు దగ్గు తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. అమ్మ ఆగగలదా! ఆ ఆదివారమే లేచి, నా బిడ్డ బాగైనాడు, దేవునికి స్తోత్రం అని ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. మావాళ్ళలో ఒక పట్టింపు ఉండేది: బాగైందని సభలో చెప్పాక మళ్ళీ ఆ జబ్బుకే మందు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు. పాస్టరయ్య మాత్రలు మానమని చెప్పలేదు, మింగమనీ చెప్పలేదు. ఇంటికి రాగానే అమ్మ మాత్రల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. అన్న ఎగిరి గంతేశాడు.

దగ్గు మళ్ళీ రానే వచ్చింది.  అమ్మ మాట సంఘంలో అబద్ధం కాకూడదని మా అన్న దగ్గును దాచాడు. దగ్గు వస్తే చాలు, పశువుల మేతకు పేర్చిన చెనగకట్టె వామి వెనక్కి పోయి, నోట్లో తువ్వాలు కుక్కుకుని దగ్గి, ముఖం కడుక్కుని నవ్వుతూ వచ్చేవాడు. చిక్కిపోతున్నావేమిరా అని అమ్మ అడిగితే ఎండకు అనేవాడు. వాణ్ణి నమ్మి అమ్మ, అమ్మను నమ్మి వాడు. ఆ తువ్వాలు ఉతుకుతున్నప్పుడు నీళ్ళు ఎర్రబడితే గానీ అమ్మకు సంగతి తెలియలేదు. అప్పటికప్పుడు బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అన్న దక్కలేదు.

సమాధి మీద మట్టి ఆరకముందే నాయన, ఇంగ నీ దేవుడు, నువ్వు, అని ఒక్క మాట అనేసి ధర్మవరం వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం అమ్మ మందిరానికి రాదనుకున్నారు అందరూ. వచ్చింది. సాక్ష్యాల వేళ లేచింది. దేవుని చిత్తమని చెబుతుందని కాబోలు, ఆడవాళ్ళు అప్పుడే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"దేవుని మీద నెట్టొద్దండి. మాత్రలు మాన్పించింది నేను. మీ ఇండ్లల్లో ఎవురికన్నా జబ్బొస్తే ప్రార్థనా చెయ్యండి, మాత్రలూ ఎయ్యండి," అని కూర్చుంది.

 పాస్టరయ్య తొందరగా పాట ఎత్తుకున్నాడు.

అన్న జబ్బు నాకూ అంటుకుంది. ఈసారి అమ్మ నా చేతిలో మాత్ర పెట్టి, నా తల మీద చెయ్యి వేసి ప్రార్థించి, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. నాకు నయమైంది. డాక్టరు మందు చాలన్న రోజు ఎంత మురిసిపోయానో! ఆదివారం అమ్మ నా గురించి కూడా లేచి చెబుతుందని స్నానం చేసి ముందే పోయి కూర్చున్నాను. సంఘమంతా అమ్మ వైపు చూసింది. అమ్మ తల వంచుకుని చాప ఈనెలు పీకుతూ కూర్చుండిపోయింది. అప్పుడు కోపమొచ్చింది నాకు, అన్న కంటే నేనేం తక్కువని. ఆమె మళ్ళీ ఎన్నడూ సాక్ష్యానికి లేవలేదు.

నాకు జుట్టు నెరిసే దాకా బతికింది అమ్మ. పొద్దున ఆమె మోకాళ్ళ మీద ఉన్నప్పుడు పక్క గదిలో పొలమారి నేను దగ్గితే చాలు, ప్రార్థన ఠక్కున ఆగిపోయేది. ఇంకో దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించేది. రాలేదని నమ్మకం కుదిరాకే మళ్ళీ దేవుని పేరు ఎత్తేది. ఈ కాలంలో మైకులున్నాయి, తెరలున్నాయి, ఎంత గట్టిగా ప్రార్థిస్తారో! నేను దగ్గినా ఎవరి ప్రార్థనా ఆగదు.