కట్ చేసే ముందు విన్న ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. సాక్ష్యమంటే సంఘం ముందు నిలబడి నోరారా చెప్పాలి, నాకూ అదే ఇష్టం, కానీ ఇప్పుడు నా గొంతు పక్కన కూర్చున్నవాళ్ళకు తప్ప ఎవరికీ వినబడదు, అందుకే రాసి పంపుతున్నాను. నా పేరు సువర్ణ. మాది సూళ్లూరుపేట దగ్గర చిన్న పల్లె. నా భర్త దావీదుగారు పెళ్ళిళ్ళకూ కూటాలకూ మైక్ సెట్టు అద్దెకిస్తారు.

ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటినుంచి మా సంఘంలో పాట నడిపించేది నేనే. ఆదివారం ఆరాధనైనా, శుక్రవారం ఉపవాస ప్రార్థనైనా, ఎవరింట్లో మంచి జరిగినా చెడు జరిగినా ముందు సువర్ణక్కను పిలవండి అనేవారు, ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది! అలాంటి నాకు మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. గడ్డ గొంతు నరాన్ని చుట్టుకుని ఉందనీ, ప్రాణానికి భయం లేదుగానీ గొంతు సంగతి మాత్రం చెప్పలేమనీ డాక్టరుగారు ముందే చెప్పారు. ఆయన అన్నట్టే ప్రాణం నిలిచింది, పాట పోయింది.

పాస్టరుగారు నా స్థానంలో కృపను నిలబెట్టారు. కృప పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, మా వీధికి కొత్త కోడలిగా వచ్చిన పిల్ల. ఆమె బాగా పాడేది, అదే నా బాధ! కాస్త శ్రుతి తప్పినా నాకు ఓదార్పుగా ఉండేది. ఆమె పాట అందుకోగానే నేను ఇంట్లో మోటరు కట్టేశానో లేదో చూసొస్తానని లేచి వెళ్ళిపోయేదాన్ని. మా మోటరుకు జరిగినంత కాపలా ఈ జిల్లాలో ఏ మోటరుకూ జరిగి ఉండదు. ఇంటికొచ్చి మంచం మీద పడి ప్రభువుతో పోట్లాడేదాన్ని. "నీ పాటలు తప్ప ఇంకొకటి పాడని గొంతునే ఎందుకు తీసుకున్నావయ్యా? ఊళ్ళో తిట్టే గొంతులన్నీ బాగానే ఉన్నాయి గదా" అని ఏడ్చేదాన్ని. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థనంతా అదే.

మా ఇంట్లో కంప్యూటర్ ఉంది, అందులో పాటలకు సంగీతం కట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, కూటాలకు కావలసిన ట్రాకులు మేమే చేసుకునేవాళ్ళం. మాట్లాడే పని లేని పని అదొక్కటే కాబట్టి నేను దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీవాళ్ళే ఇంట్లో ఉండి చదువుకునేట్టు కోర్సు పెట్టి, పరీక్ష పాసైతే సర్టిఫికెట్ ఇస్తారని తెలిసింది. నిజం చెబుతున్నాను, నేను చేరింది విద్య మీద ప్రేమతో కాదు. ఆ సర్టిఫికెట్ చూపించి చెన్నైలో ఏదో ఒక స్టూడియోలో పని చూసుకుంటే, కాపురం అక్కడికే మార్చేయవచ్చు, ఇక ఈ సంఘంలో కూర్చుని ఆ పిల్ల పాట వినే బాధ తప్పుతుంది అని మనసులో నిశ్చయించుకున్నాను. మా ఆయనకు అది అర్థం కాక, "ఆ కాయితం ఎందుకు సువర్ణా? మన మైక్ సెట్టు తీసుకునేవాళ్ళు ఎవురైనా సర్టిఫికెట్ అడిగినారా?" అన్నారు. నేను మెడ మీది కుట్టు చూపించి మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాను, గొంతు లేకపోవడంలో ఆ సుఖం ఒకటుంది.

చదువంతా సాఫీగా సాగి చివర్లో చిక్కు వచ్చింది సహోదరులారా! పరీక్షలో భాగంగా ఒక పాట మొత్తం మనమే తయారుచేసి పంపాలట, అందులో మనిషి గొంతు తప్పకుండా ఉండాలట. నాయుడుపేటలో ఉన్న మా చెల్లెల్ని అడిగితే జలుబంది. గడువు దగ్గర పడుతోంది. ఎవరి నుంచి పారిపోవాలని చదివానో ఆమె గుమ్మం ముందే నిలబడి చేయి చాచాల్సి వచ్చింది, దేవుని పనులు అలాగే ఉంటాయి!

కృప మర్నాడు మధ్యాహ్నం రొయ్యల వేపుడు గిన్నెతో వచ్చింది. రోడ్డు మీద ఆటోల చప్పుడు రాకుండా కిటికీకి బొంత కట్టి, ఫ్యాను ఆపి, ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి మైకు ముందు నిలబెట్టాను, రికార్డు నొక్కి నేను పక్క గదిలోకి వెళ్ళిపోయాను. నేను కట్టుకున్న పాటే, గొంతు పోకముందు రాసుకున్నది. చెమటలు కారుస్తూ పాడింది, నేను ఒక్క మెచ్చుకోలు మాట కూడా అనలేదు, గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

రికార్డు చేసిన గొంతుకు ముందు ఉండే చిన్నచిన్న చప్పుళ్ళను తీసేయడం మొదటి పని. మా మైక్ సెట్లవాళ్ళ అలవాటేమిటంటే తెర మీద చప్పుడును చూపించే గీత చూస్తాం, పెద్ద గీత మొదలయ్యేది పాట, దానికి ముందున్న చిన్న గీతంతా చెత్త అని వినకుండానే కోసేస్తాం. నేనూ ఎన్నో పాటలు అలాగే కోశాను. కానీ ఆ కోర్సులో పాఠం చెప్పినాయన మరీ మరీ చెప్పాడు, చూసి కోయవద్దు, మొదటినుంచి విని కోయండి అని. పరీక్ష కదా అని విన్నాను. మన సంఘాల్లో ఎవరూ ప్రార్థన చేసుకోకుండా పాట ఎత్తుకోరని మీకు తెలుసు. సంగీతం ఇంకా మొదలవలేదు, రికార్డు మొదలైందని ఆమెకు తెలియదు, చెవులు మూసి ఉన్నాయి గనుక గుసగుస అనుకున్నది కాస్త బయటికే వచ్చేసింది.

"ప్రభువా, ఇది మా అక్క పాట. నేను ఊరికే నోరు తెరస్తా ఉండా. అక్క గొంతు అక్కకి ఇచ్చేయి తండ్రీ. నువ్వు ఇచ్చినరోజు నేను ఎనక్కి పోయి చాప మీద కూర్చుంటా."

రెండో చరణానికి ముందు కూడా అదే ప్రార్థన. మూడో చరణానికి ముందూ అదే! నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ పిల్లను చూసి నేను లేచి వెళ్ళిపోయిన ప్రతి ఆదివారమూ ఆమె పాటకు ముందు నా పేరే ఎత్తి ఉంటుందని అప్పుడు తెలిసింది. నా గుండెలో గడ్డకట్టినదేదో అక్కడే, ఆ కుర్చీలోనే కరిగిపోయింది. ఏ డాక్టరూ చేయలేని ఆపరేషన్ అది. దేవునికే మహిమ!

కృపను పిలిచి వినిపించాను. సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అది తీసెయ్ అక్కా, పరీక్షోళ్ళు నవ్వుతారు" అంది. నేను ఆమె చేయి పట్టుకుని, నాకున్న గుసగుస గొంతుతోనే, "నువ్వు ఎనక్కి పోవద్దు" అన్నాను. ఇద్దరం ఏడ్చి, తర్వాత నవ్వి, ఆ రోజు ఆమె మా ఇంట్లోనే అన్నం తింది. పంపిన పాటలోనుంచి ఆ ప్రార్థన తీసేశాను, పాట తప్ప వేరే చప్పుడు ఉండకూడదని పరీక్ష నిబంధన.

సర్టిఫికెట్ వచ్చింది, మా ఆయన దాన్ని పటం కట్టించి మైకుల పక్కన తగిలించారు. ఇప్పుడు దొరవారిసత్రం నుంచి కూడా పిల్లలు వచ్చి, అక్కా, ఈ కోర్సు చేస్తే లాభముందా అని అడుగుతున్నారు. ఉన్నమాటే చెబుతాను. ఆ కాయితం చూసి నాకు పని ఇచ్చినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. చెన్నై నుంచి ఒక స్టూడియోవాళ్ళు అప్పుడప్పుడు పాటలు పంపుతున్నారు, వాళ్ళూ నేను చేసిన పాట విని పంపుతున్నారేగాని కాయితం అడగలేదు. ఉద్యోగం కోసమే అయితే తొందరపడకండి, మీ పని బాగుంటే అదే మాట్లాడుతుంది. చెవికి పదును పెట్టుకోవడానికైతే చేయండి, నాకు వినడం నేర్పింది ఆ చదువే. వినకుండా కోసేసి ఉంటే నేనిప్పుడు చెన్నైలో ఏ అద్దె గదిలోనో అలిగి కూర్చుని ఉండేదాన్ని.

సహోదరులారా, మీలో ఎవరైనా ఏదైనా పోగొట్టుకుని, దాన్ని అందుకున్నవాళ్ళ మీద మనసు విరిగి, గుమ్మం దగ్గర కూర్చుంటూ ఉంటే దయచేసి లోపలికి రండి, నా దేవుణ్ణి నమ్మండి. మీరు ముఖం తిప్పుకున్న మనిషే మీకోసం మోకరించి ఉండవచ్చు. ప్రతి ఆదివారం కృప పాడుతుంది, నేను సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చుని ఆమె గొంతును సంఘమంతటికీ అందిస్తాను. నా గొంతు ఇంకా రాలేదు. కృప ఇంకా అడుగుతూనే ఉంది, మైకు ముందు ఆమె పెదవులు కదలడం నాకు కనబడుతుంది. నేను మాత్రం అడగడం మానేశాను, నాకు ఇప్పుడు ఏ కొరతా లేదు.