చెంబెడు నీళ్ళకు ఆరిన మంట

మైదుకూరు దగ్గర ఒక పల్లె బడిలో నేను సైన్సు చెబుతాను. ఎండలు ముదరక ముందే అగ్నిప్రమాదాల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నాడు హెడ్మాస్టరు. మా వైపు ఎండాకాలం వస్తే గడ్డివాములు అంటుకోవడం మామూలే. ల్యాబులో ఉన్న స్పిరిట్ కొంచెం లోతు గిన్నెలో పోసి వెలిగించాను. చెంబెడు నీళ్ళు గుమ్మరించాను. మంట ఆరిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనేమో సిగ్గులేకుండా రెండోసారి కూడా చేసి చూపించాను.

అది ఎందుకు ఆరిందో కూడా చెప్పాను. నీటి అణువులో ఒక వైపు కాస్త ధనావేశం, ఇంకో వైపు కాస్త రుణావేశం ఉంటాయి. అలాంటి తేడా ఉన్నవాటితోనే నీళ్ళు పొత్తు కలుస్తాయి. స్పిరిట్‌లో ఆ తేడా ఉంది కాబట్టి నీళ్ళలో కలిసి పలచబడుతుంది, మండే సత్తువ పోతుంది. నూనెలో, పెట్రోలులో ఆ తేడా దాదాపు లేదు. అవి నీళ్ళతో కలవవు, పైకి తేలి మండుతూనే ఉంటాయి. ఈ నూనె సంగతి చెప్పబోయేసరికి అన్నం బెల్లు కొట్టారు. రేపు చెబుదాంలే అనుకున్నాను. తర్వాత పరీక్షలొచ్చాయి, నేను మరిచేపోయాను.

ఆ రోజు తలుపు దగ్గర గరిటె పట్టుకుని మా వంటక్క నిలబడి ఉంది. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. మొగుడు పోయినప్పటి నుంచి ఆ పొయ్యే ఆమెకు దిక్కు. సెలవుల్లో పెళ్ళిళ్ళకు ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేయను పిలుస్తారు. ఆమె కుడిచెయ్యి పిండిని తట్టే వేగం చూసి తీరాల్సిందే.

మరుసటి రోజు పొయ్యి పక్కన ఒక బిందె చేరింది. నిండా నీళ్ళు, మీద పెద్ద సిల్వర్ పళ్ళెం మూత. మా ఊళ్ళో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. తెలుగు సారు చేతులు కడుక్కోను చెంబు ముంచబోతే ఆమె ఒప్పుకోలేదు.

"ఆ నీళ్ళు ముట్టొద్దు సారూ. మంటకని పెట్టినా. సైన్సు సారు చెప్పినాడు."

నా పాఠం ఒకరు ఇంత శ్రద్ధగా విన్నారని మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తినింది. అప్పుడైనా నోరు తెరిచి, అక్కా, నూనె మంటకు మాత్రం ఇవి పనికిరావు అని ఒక్క మాట అనలేకపోయాను.

హెడ్మాస్టరు రిటైరైన రోజు గారెలు చేయమన్నాం. కట్టెల పొయ్యి మీద మూకుడు పెట్టి, ఆమె పిండి తెచ్చుకోను లోపలికి పోయింది. వచ్చేలోపల నూనె కాగి కాగి అంటుకుంది. నేను అవతల వరండాలో కుర్చీలు వేస్తున్నాను. ఆమె కంగారు పడలేదు. బిందె మీది పళ్ళెం తీసి జాగ్రత్తగా నేల మీద పెట్టింది. బిందె ఎత్తింది. "వద్దక్కా" అని అరిచాను. మైకులో పాటలు మోగుతున్నాయి. పరుగెత్తాను. చేరలేకపోయాను.

నూనె కన్నా నీళ్ళు బరువు. మూకుడు అడుక్కి పోయి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను ఎగజిమ్మాయి. మంట రేకుల దాకా లేచింది. ఆమె తీసి పక్కన పెట్టిన ఆ పళ్ళెమే మూకుడు మీద బోర్లించి ఉంటే చాలు, గాలి అందక ఆరిపోయేది.

అంబులెన్సు వచ్చేదాకా, బిందెలో మిగిలిన నీళ్ళే ఆమె కుడిచేతి మీద పోస్తూ కూర్చున్నాను. నాకు చేతనైంది అదొక్కటే. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని వెనక ఎవరో అన్నారు. లేచి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఎవరి చెంప పగలగొట్టాలి?

కడపలో ఆస్పత్రికి వారం వారం పోయేవాణ్ణి. వేళ్ళు ఇక పూర్తిగా చాపడానికి రాదని డాక్టరు చెప్పాడు. బడిలో పొయ్యి దగ్గరికి వేరే ఆమె వచ్చింది. ఒకరోజు మంచం పక్కన కూర్చుని ఉంటే అక్కే అడిగింది.

"నీళ్ళు తక్కువ పోసినానా సారూ?"

"లేదక్కా. నూనె మంటకు నీళ్ళు పోయగూడదు. ఆ మాట నేను చెప్పల్యా. తప్పు నాది."

గ్లాసులో నీళ్ళు, కొబ్బరినూనె పోసి చూపించాను. కలవవు చూడక్కా అన్నాను. చూసింది. తల ఊపింది.

"తప్పు మీదని అనొద్దు సారూ. మీరు పోస్తే ఆరింది గదా. నేను కండ్లారా చూసినా."

కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకుని దాని వైపే చూస్తూ, "నా చేతిలోనే ఏదో దోషం ఉండాది" అనింది.