ఉప్పు సంగతి ముందే చెప్పిన మా బావ

మా బావ పోయాడు. బావంటే మా పెద్దక్క భర్త. పోయిన నెల ఒక పొద్దున నేను గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో ఒక దుకాణం అరుగు మీద కూర్చుని, తోలు పలచగా ఉన్న కాయలో రసం ఎక్కువా తక్కువా అని ఒకాయనతో వాదం వేసుకుని ఉండగా అక్క ఫోను చేసింది.

"అబ్బయా, మీ బావ పోయినాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే. నువ్వు వచ్చేటప్పుడు అల్లూరులో నాలుగు క్యాన్లు మంచినీళ్ళు ఏయించుకోని రా. స్నానం చేయించాల గదా."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నెల దాటినా అది దిగలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళను తలుచుకునేటప్పుడు మెత్తగా మాట్లాడాలంటారు. మెత్తగా మాట్లాడే మేము ఇంతదాకా తెచ్చుకున్నాం.

అక్క ఇంటి పెరట్లో నిక్షేపంలాంటి బావి ఉంది. ఒకప్పుడు మూడు వీధుల ఆడవాళ్ళు ఆ నీళ్ళతోనే పప్పు ఉడకేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ నీళ్ళతో సబ్బు నురగ రాదు. అందుకని ఆ ఇంటి యజమానిని కంపెనీ మూతలున్న ప్లాస్టిక్ క్యాన్ల నీళ్ళతో కడిగి పంపించాం. ఎందుకిట్లా అయిందో చెప్పాలంటే ఫిలిప్పీన్సు దాకా పోయి రావాలి. ఓపిక ఉన్నవాళ్ళు నాతో రండి.

బావకు ఒక అలవాటు ఉండేది. ఏ ఊరు పోయినా ముందు అక్కడి నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. పెళ్ళిచూపులకు మా ఇంటికి వచ్చినప్పుడు కూడా పెరట్లోకి పోయి బావి నీళ్ళు నాకి చూసి, "నీళ్ళు బాగుండాయి, పిల్ల బాగుంటది" అన్నాడట. మా నాయన ఆ మాటకు సంబరపడ్డాడు. మా అక్క మాత్రం యాభై ఏళ్ళపాటు దాన్ని దెప్పిపొడుపుగా వాడుకుంది. పొలంలో మట్టి కూడా అంతే, చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. ఆయన ఎకరన్నర చేనులో ఏ మూల చౌడు తిరుగుతోందో ఏ లాబొరేటరీ కంటే ముందు ఆయన నాలుకకు తెలిసేది.

కొన్నేళ్ళ కిందట అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు తవ్వుతున్న రోజుల్లో, ఒక మేత కంపెనీ వాళ్ళు రైతులను ఫిలిప్పీన్సు తీసుకుపోయారు. పేరుకు సాగు చూసి నేర్చుకోవడానికి. మా ఊరి మేత డీలరు ఆ జాబితా రాశాడు. గుంట వేయడానికి మొండికేసిన వాళ్ళను మెత్తబరచాలని బావ పేరు రాశాడు. బావకు తోడుగా, ఇంగ్లీషు వచ్చిన మనిషిగా, నా పేరు రాశాడు. నా ఇంగ్లీషు సంగతి చెప్పాలి. నేను బడికి పోయింది తక్కువ. పొట్లాలు కట్టిన పేపర్లు చదివి నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ఏ వాక్యమూ చివరిదాకా రాదు, మధ్యలో చిరిగిపోయి ఉంటుంది.

మనీలాలో దిగాం. అక్కణ్ణించి చిన్న విమానంలో ఒక దీవి అంచుకు, అక్కణ్ణించి పడవలో తెల్ల ఇసుక ఉన్న ఇంకో దీవికి. ఆ పడవలకు రెండు పక్కలా వెదురు బొంగుల రెక్కలు ఉంటాయి. బావ దాన్ని చూసి, "చేతులు చాపుకోని పోతుండాది గదరా, నడక నేర్చే బిడ్డ మాదిరి" అన్నాడు. ఎక్కేముందు ప్రతివాడి పేరూ, వయసూ కాగితం మీద రాయించుకుంటారు. బావ తెలుగులో రాశాడు. ఆ కాగితం చూసుకునే కుర్ర అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, అక్షరాలు గుండ్రంగా ఉన్నందుకు మెచ్చుకుని, పక్కన నా చేత ఇంగ్లీషులో రాయించుకున్నాడు.

ఇసుక దీవిలో మా వాళ్ళు మూడు రోజులు ఉండాలని కార్యక్రమం. నెల్లూరు నుంచి వెంట తెచ్చుకున్న వంటమనిషి చారు కాచాడు. మా వాళ్ళు నిక్కర్లు వేసుకుని ఫొటోలు దిగారు. గుంటల మాటే లేదు. రెండో రోజు పొద్దున బావ డీలరు దగ్గరికి పోయాడు.

"గుంటలు ఎప్పుడు చూపిస్తావబ్బయా?"

"పెద్దాయనా, చివర్లో మనీలా దగ్గర ఒకటి చూపిస్తారు. రెడీ చేసి పెట్టుండారు."

"రెడీ చేసింది నాకెందుకు? పెళ్ళికూతురా?"

డీలరు నవ్వేశాడు. బావ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే నా చేయి పట్టుకుని పడవెక్కించాడు. ఎటు పోతున్నామంటే చెప్పడు. రేవులో దిగి, గుంటలు ఎక్కువ ఉన్నదెక్కడ అని నా చిరుగుల ఇంగ్లీషుతో పది మందిని అడిగించాడు. నీగ్రోస్ అనే దీవి పేరు చెప్పారు. ముందు బస్సులో ఇలోయిలో అనే ఊరికి పోయి, మళ్ళీ పడవెక్కాలన్నారు.

ఆ బస్సు ప్రయాణం నేను మరిచిపోలేను. సగం రోజు. రోడ్డుకు రెండు పక్కలా వరి. మడవ దగ్గర ఎనుములు. బస్సు ఆగిన ప్రతిచోటా ఎండు చేపల వాసన. మా కృష్ణపట్నం రోడ్డు మీద పోతున్నామా అనిపించింది. బావ కిటికీ పక్కన కూర్చుని పైరును దుబ్బు దుబ్బుగా చూస్తూ, "వీళ్ళు మన మనుషులేరా, మాటే వేరే" అన్నాడు. రాత్రికి ఇలోయిలో చేరి, పొద్దున జీప్నీ అనే పొడుగు బండి ఎక్కాం. అందులో వెనక కూర్చున్నవాడి చార్జీ చేతులు మారి డ్రైవరుకు చేరుతుంది, మిగిలిన చిల్లర మళ్ళీ చేతులు మారి వెనక్కి వస్తుంది. ఎవడూ నొక్కేయడు. బావకు ఇది ఎంత నచ్చిందంటే, చార్జీలు అందించడానికని రెండు సీట్లు ముందుకు జరిగి కూర్చున్నాడు.

రేవులో పెద్ద పడవ కోసం కాచుకుని ఉన్నాం. బావ మెట్లు దిగి సముద్రంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పక్కనే బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె నవ్వి, అట్లా ఎందుకు చేస్తున్నావని అడిగింది. రిటైరైన బడిపంతులమ్మ. రొయ్యల గుంటలు చూడటానికి ఇండియా నుంచి వచ్చామని నేను చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "అయితే మా ఇంటికి రండి. మాకు గుంటలుండేవి" అంది.

ఉండేవి అన్న మాటను నేను బావకు తెలుగులో చెప్పినప్పుడు ఆయన నా మొహం వంక చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

నీగ్రోస్‌లో దిగి బస్సులో కొంత దూరం, మోటారు సైకిలుకు తొట్టి తగిలించిన బండిలో కొంత దూరం పోయాం. ఆమె ఇంటి వెనక గుంటలు బీడు పడి ఉన్నాయి. గట్లు కూలిపోయాయి. ఒకటి రెంట్లో మాత్రం ఏదో చేపను పెంచుకుంటున్నారు. ఆమె చెప్పింది నాకర్థమైనంత ఇది: రొయ్య బాగా పండిన కాలంలో సముద్రపు నీళ్ళ ఉప్పును పలచన చేయడానికి బోర్లు వేసి నేలలోని మంచినీళ్ళు తోడి పోశారు. ముందు రొయ్యకు జబ్బు వచ్చింది. తర్వాత బావుల్లోకి ఉప్పు వచ్చింది. గోడ మీద ఆమె భర్త ఫొటో ఉంది. మూరెడు రొయ్యను పట్టుకుని నవ్వుతున్నాడు. "మేము కూడా మీలాగే ఫొటోలు తీసుకున్నాం" అంది.

తర్వాత ఒక గ్లాసు నీళ్ళు బావి నుంచి తెచ్చి బావ చేతికిచ్చింది. బావ వేలు ముంచలేదు, గుటక వేశాడు. మింగలేక, ఆమె ముందు ఉమ్మలేక, కళ్ళ నీళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెంటనే కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చింది. నోరు కడుక్కోవడానికి. వీసెడు మర్యాద ఆ గడపలో నేర్చుకున్నాను.

మర్నాడు అక్కడి నుంచే విమానంలో మనీలా పోయి మా వాళ్ళను కలిశాం. విమానంలో ఇచ్చిన నీళ్ళు బావ రుచి చూసి సీసా పక్కన పెట్టేశాడు. "దీనికి ఊరు లేదురా" అన్నాడు. దిగాక కంపెనీ వాళ్ళు రెడీ చేసిన గుంట చూపించి, ఆయన చేతిలో ఒక రొయ్యను పెట్టి ఫొటో తీశారు. ఎవరి ఫొటో గుర్తుకొచ్చిందో నేను చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చాక అల్లూరులో ఒక కల్యాణ మండపంలో మీటింగు పెట్టారు. పోయొచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ మాట్లాడాలి. బావ మైకు పట్టుకుని, "నేను అక్కడ ఒక ఇంట్లో బావి నీళ్ళు తాగినాను. ఆ నీళ్ళు మీరు తాగితే..." అన్నాడు. అంతే. డీలరు మెల్లగా మైకు అందుకుని, "పెద్దాయన అలిసిపోయుండాడు. భోజనాలు రెడీగా ఉండాయి" అని ప్రకటించాడు. జనమంతా లేచారు. ఆ మాట పూర్తి కాలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని పూర్తి చేయనివ్వలేదు. అందరినీ తిట్టుకుంటూ కూర్చున్నాను అని రాసుకోవాలని ఉంది. నేను కూడా లేచాను. బిరియానీ వాసన వచ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళకు, బావ చేను పక్కనే ఉన్న నా చేనును నేనే ఆ డీలరుకు గుంట తవ్వుకోవడానికి కౌలుకిచ్చాను. అవును, నేనే. నాకు వయసు మళ్ళిందనీ, కూలివాళ్ళు దొరకడం లేదనీ చాలా కారణాలు చెప్పుకున్నాను. అన్నీ నిజాలే. ఆ గ్లాసు నీళ్ళు కళ్ళారా చూసినవాణ్ణి అన్నది కూడా నిజమే.

బావకు చెప్పడానికి పోతే తిట్టలేదు. వరి నూర్చిన కళ్ళంలో కూర్చుని ఉన్నాడు.

"గట్టు ఎంత ఎత్తు ఏస్తారంట?" అని అడిగాడు.

"తెలవదు బావా."

"మధ్యలో కాలవ తియ్యమను. ఊట నా చేలోకి రాకుండా."

"చెప్తా."

"నువ్వు చెప్పవులే బామ్మరిదీ. నేను చెప్తాలే."

ఆయన చెప్పాడు. డీలరు సరేనన్నాడు. కాలవ తీయలేదు. నేను అడగలేదు. రోజూ పొద్దున బావ తన బావిలో చేద వేసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం మా అక్క వంటింట్లోంచి చూసేది. ఏమండీ అంటే, "బాగుండాయి" అనేవాడు. ఒక ఎండాకాలం ఆ రుచి చూడటం మానేశాడు. అక్క అడగలేదు. ఆ ఏడే ఆయన ఇంటి తిండికని వేసుకునే మొలగొలుకుల వరి, నా గుంట వైపున్న తూర్పు గట్టు వెంబడి చివర్లు ఎర్రబడి ఎండిపోయింది.

ఇప్పుడు పోయిన రోజుకు వస్తాను. నేను క్యాన్లతో ఆటో దిగేసరికి వాకిట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. మనీలాలో రొయ్యను పట్టుకున్న ఆ ఫొటో. కింద, "మన ప్రాంతానికి రొయ్యల సాగు చూపించిన మార్గదర్శికి కన్నీటి నివాళి." డీలరు పక్కనే నిలబడి ఉన్నాడు.

"దాన్ని తీయించు" అన్నాను.

"ఏందన్నా, గౌరవంగా ఏయించినాం గదా."

"ఆయన రొయ్యల సాగు ఎప్పుడు చూపించినాడు? ఒక్క గుంట తవ్వినాడా?"

"పోయినాయన గురించి ఇప్పుడేం వాదన అన్నా. మంచి మాటే గదా రాసింది."

నేనే తాళ్ళు కోశాను. ఒక పక్కవే అందాయి. ఫ్లెక్సీ ఒక పక్క వేలాడి, బావ మొహం మడతపడి, రొయ్య మాత్రం నిటారుగా నిలబడింది. అక్క లోపల్నుంచి వచ్చి మిగతాది తెంచి, మడిచి, పందిరి కింద పరిచింది. దాని మీద పడుకోబెట్టే, క్యాన్ల నీళ్ళతో ఆయనకు స్నానం చేయించాం.

కర్మ అయిన మర్నాడు డీలరు మళ్ళీ వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. అక్కకు ఎదురుగా కూర్చుని, "అక్కా, చేను చూసుకునే దిక్కు లేదు మీకు. నాకియ్యండి. ఈ అన్న గుంటా అదీ కలిపేస్తా" అన్నాడు.

అక్క లోపలికి పోయి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "మా బావి నీళ్ళు. తాగు. తాగినాక మాట్లాడుకుందాం."

అతను గ్లాసు తీసుకుని తెచ్చిన పళ్ళ పక్కన పెట్టాడు. "బీపీ ఉండాదక్కా. ఉప్పు తగలగూడదన్నాడు డాక్టరు" అన్నాడు.

నవ్వాల్సిన మాట. ఎవరమూ నవ్వలేదు. నేను నోరు తెరిచి, ఈ పంటతో నా కౌలు తీరిపోతుందనీ, మళ్ళీ రాయననీ చెప్పాను. అతను లేచి, చాలా తాపీగా, "చుట్టూ నాయే గదన్నా గుంటలు. నీ ఒక్క చేను ఏం చేస్తది?" అన్నాడు. బావ ఉంటే ఏదో అనేవాడు. ఏమనేవాడో ఊహించి ఆయన నోట్లో పెట్టను. ఆయన మాటను ఒకసారి మధ్యలో ఆపించిన పాపం చాలు.

పోయిన వారం పంట పట్టి నా చేలోని గుంట ఖాళీ చేశారు. మూడు రోజుల ఎండకు నేలంతా ఉప్పు తేలి తెల్లగా పొంగింది. జీలుగ చల్లి పచ్చిరొట్టగా దున్నితే నాలుగైదేళ్ళకు నేల మళ్ళీ మామూలుకు రావచ్చని వ్యవసాయాఫీసు కుర్రవాడు అన్నాడు. నాకు డెబ్బై దాటాయి. అక్కకు ఇంకా ఎక్కువ.

నిన్న పొద్దున నేను గట్టెక్కి చూసేసరికి అక్క గుంట మధ్యలో ఉంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఈనెల చీపురుతో ఆ ఉప్పును ఊడుస్తోంది, వాకిలి ఊడ్చినట్టు. కుప్ప చేస్తోంది, చేటతో గంపకెత్తుతోంది, గంప తలకెత్తుకుని డీలరు గుంట గట్టు దాకా పోయి అవతలికి దిమ్మరించి వస్తోంది. ఆమె వెనక తడి నల్లమట్టి మంచమంత కనబడుతోంది. ముందు ఎకరాకు పైగా తెలుపు. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ వంగి ఊడ్చుకుంటూ పోయింది.