పులికి ముందు నిశ్శబ్దం

కరోనా తర్వాత కోచింగ్ సెంటర్లు మళ్లీ నిండిన ఏడాది, మార్చి నెలలో, అశోక్‌నగర్‌లోని మా సంస్థ గ్రూప్స్ బ్యాచ్‌కి జాగ్రఫీ నాకు అప్పగించింది. మా రంగంలో పాఠం చెప్పేవాణ్ణి లెక్చరర్ అనరు, ఫ్యాకల్టీ అంటారు. ఉన్నది ఒక్క మనిషే అయినా ఫ్యాకల్టీయే. మామూలుగా ఫ్యాకల్టీ పైన అకడమిక్ ఇన్‌చార్జి, ఆయన పైన డైరెక్టర్ ఉంటారు. ఆ ఏడు ఇన్‌చార్జి మానేయడంతో నాకూ డైరెక్టర్ భాస్కర్ గారికీ మధ్య అడ్డు లేకుండా పోయింది.

అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా నా గొంతే నా ఆస్తి. నేను రుతుపవనాల పాఠం చెప్పిన రోజు దోమలగూడ దాకా చినుకులు పడేవని పాత బ్యాచ్‌లవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలా చెప్పమని వాళ్లకు నేర్పింది నేనే అనుకోండి. పాఠం మధ్యలో ఒక గప్పా కొట్టకపోతే నాకు ఊపిరాడేది కాదు. నల్లమల వచ్చిందంటే పులి కథ ఖాయం. మట్టి నమూనాలు తేవడానికి అడవికి వెళ్లాననీ, వంగి తవ్వుతుంటే వెనక ఎవరో గట్టిగా ఊపిరి విడిచారనీ, తోటి సారే అనుకుని తిరిగి చూడకుండా "జర ఈ సంచి పట్టుకో అన్నా" అన్నాననీ చెప్పి ఆగేవాణ్ణి. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, అప్పుడు "పులి పట్టుకుంది" అనేవాణ్ణి. హాలంతా గొల్లుమనేది. సంచి ఇప్పటికీ పులి దగ్గరే ఉంది.

సిలబస్ సగానికి వచ్చేసరికి నా గొంతు పోయింది. స్వరపేటిక మీద చిన్న కాయలు లేచాయన్నాడు డాక్టరు. పాఠాలు చెప్పేవాళ్లకూ, వీధుల్లో కూరగాయలు అమ్మేవాళ్లకూ వచ్చేవేనట. మందుల కంటే మౌనం ముఖ్యమనీ, గుసగుస కూడా పనికిరాదనీ, పరీక్ష అయ్యేదాకా నోరు తెరవవద్దనీ ఖచ్చితంగా చెప్పాడు. కోఠీలో ఒక పలక కొని తెచ్చుకున్నాను. మా ఆవిడ దాన్ని చూసి, "ఈ పలక జర చిన్నగనే ఉన్నది, మంచిదే. గప్పాలు రాసెతందుకు జాగ లేదు" అంది.

భాస్కర్ గారికి కబురు చేస్తే పిలిపించి, కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ చెప్పారు. "పాత క్లాసుల రికార్డింగులు ఉన్నయి గద సార్. ఒక్కోటి గంట లోపలికి కోసి ఇయ్యుండ్రి, ఆన్‌లైన్‌ల పెడదం. కాదంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి వేరే సార్‌ను తెస్త. ఒక్కసారి తెచ్చినంక ఆయనను మళ్ల పంపుడు కష్టమైతది. మీకు ఎరుకే గద." ఎరుకే. ఈ రంగంలో కుర్చీ ఒక బ్యాచ్ పాటు ఖాళీగా ఉంటే అది ఇక మనది కాదు.

ఆ రికార్డింగులు కరోనా కాలంలో సగం మందినే హాల్లో కూర్చోనిచ్చినప్పుడు, మిగతావాళ్ల కోసం హాలు వెనక స్టాండు మీద కెమెరా పెట్టి తీసినవి. ఒక్కో క్లాసు రెండు గంటలు. అందులో హాజరు, కరెంటు పోయి రావడం, బోర్డు తుడవడం, నా గప్పాలు అన్నీ ఉన్నాయి. పైగా ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చెప్పి పిల్లలు రాసుకునేదాకా ఆగడం మా అలవాటు. దాన్ని రన్నింగ్ నోట్స్ అంటాం. ఇదంతా కోయడానికి సాఫ్ట్‌వేర్ కావాలి. అంతవరకు నేను కోసిన వీడియో లేదు. పుట్టినరోజు ఫొటో కూడా తిన్నగా తీసినవాణ్ణి కాదు.

కొత్తవాళ్లందరిలాగే అన్నిటికంటే పెద్దదానితో మొదలుపెట్టాను. సినిమావాళ్లు వాడేదట. దాన్ని అడ్మిషన్ల కౌంటర్లోని పాత కంప్యూటర్‌లో ఎక్కించి తెరిస్తే లోపలి ఫ్యాను శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సులా మోగింది. బల్ల మీది ఫీజు రసీదులు లేచి చిక్కడపల్లి వైపు ఎగిరిపోయాయి. రసీదుల సంగతి కొంచెం పెంచాను గానీ ఫ్యాను సంగతి నిజం. కోసిన ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా బయటికి తీయడాన్ని ఎక్స్‌పోర్ట్ అంటారు. సాయంత్రం అది మొదలుపెట్టి ఇంటికి పోతే పొద్దుటికి సగంలో ఆగి ఉంది. తర్వాత ఫోన్‌లో ఒక యాప్ దించాను. అది వీడియో ఇచ్చింది గానీ నా నుదుటి మీద తన పేరు అడ్డంగా రాసుకుంది. దాన్ని వాటర్‌మార్క్ అంటారట. డెక్కన్ పీఠభూమి గురించి అడ్డనామాలు పెట్టుకుని చెబుతున్నట్టుగా ఉన్నాను.

అప్పుడు నారాయణగూడలో సత్తన్న దగ్గరికి వెళ్లాను. సత్తన్న పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాడు, అంటే తీసినదాన్ని కోసి, అతికి, పాటలు పరుస్తాడు. ముందు పరిచయం లేదు, బోర్డు చూసి మెట్లెక్కానంతే. పలక మీద "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని రాసి చూపించాను.

"ఏ బండి మంచిదంటే ఏం జెప్త సార్? కోఠికి పోతవా, కాశ్మీర్‌కు పోతవా? ముందుగాల గది చెప్పు" అన్నాడు. "కొయ్యాలి, అతకాలి, గొంతు పెంచాలి" అని రాశాను. "గంతేనా? మరి పూలు రాలేటివి, గుండెకాయలు ఎగిరేటివి ఉన్న సాఫ్ట్‌వేర్ నీకెందుకు? జాగ్రఫీ చెప్తున్నవా, రిసెప్షన్ జేస్తున్నవా?"

మా పాత కంప్యూటర్ మోయగల ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తనే ఎక్కించి ఇచ్చాడు. అసలు రికార్డింగుల జోలికి పోవద్దని, ముందు వాటికి నకలు తీయించాడు. మూడు మీటలు నేర్పాడు. ఒకటి కోయడానికి, ఒకటి తీసేయడానికి, ఒకటి చేసిన పని వెనక్కి తీసుకోవడానికి. "గీ మూడోది ముందు నేర్చుకో సార్. కడమయి మెల్లగ వస్తయి" అన్నాడు. పని వదులుకుని మధ్యాహ్నమంతా నా పక్కనే కూర్చున్నాడు. ఆ కూర్చోవడానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నేను లేచేముందు ఒక మాట అడిగాడు. "చూసేటోళ్లు ఎట్ల చూస్తరు సార్? మా పెళ్లి వీడియోలైతే పల్లెం చేతుల వట్టుకొని చూస్తరు. వాళ్ల మొఖం వచ్చినప్పుడే తలకాయ ఎత్తుతరు." "చదువుకుంటూ" అని రాశాను. నవ్వాడు. "గసొంటోళ్లకు నేనెప్పుడు జెయ్యలె. గది నువ్వే సూసుకోవాలె."

నేను చూసుకోలేదు. సాఫ్ట్‌వేర్‌ను నాకు నేనుగా తడుముతుంటే అందులో నిశ్శబ్దాలను దానంతటదే వెతికి తీసేసే బటన్ ఒకటి కనబడింది. నొక్కాను. రెండు గంటల క్లాసు, టీ తాగి వచ్చేలోగా గంట లోపలికి వచ్చేసింది. భాస్కర్ గారు చూసి, "సార్, మీరు ఇంత ఫాస్ట్ అని తెల్వదు" అని మెచ్చుకున్నారు. వారం పాటు అలాగే నొక్కుతూ పోయాను.

తర్వాతి వారం ఆయనే మళ్లీ పిలిచి, పిల్లలు వేరే సార్ కావాలంటున్నారని చెప్పారు. కారణం ఆయనకూ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ సార్‌కు ఫోన్ చేశాననీ, సోమవారం వచ్చి డెమో క్లాసు చెబుతాడనీ అన్నారు.

ఆ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ బయట పద్మ కనబడింది. మా బ్యాచ్ అమ్మాయే. వాళ్లది పాలమూరు వైపు, తల్లిదండ్రులు బిల్డింగ్ పనులకు వెళతారు. బాగ్ లింగంపల్లి బస్తీలో కిరాయికి ఉంటూ పగలంతా లైబ్రరీలో చదివేది. నా వీడియోలు ఏమయ్యాయని పలక మీద అడిగాను. కాసేపు నసిగింది. తర్వాత మెట్ల మీద కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుని, కుడి చేతిలో పెన్ను పట్టుకుని నా పాఠం పెట్టింది. ఒక మాట రాసేలోగా నేను మూడు మాటలు దాటిపోయాను. ఎడమ చేత్తో ఆపింది, రాసింది, వదిలింది, మళ్లీ ఆపింది.

"చెయ్యి రాసుటానికా సార్, ఫోన్ ఆపుటానికా? క్లాసుల మీరు ఆగేటోళ్లు. ఈ వీడియోల ఆగుతనే లేరు. ఎవరో తరుముతున్నట్టే చెప్తున్నరు." ఇంకో మాట చెప్పాలా వద్దా అన్నట్టు చూసి చెప్పేసింది. "పులి కథ గుడ ఖరాబైంది సార్. మీరు కిటికీ దిక్కు చూసినప్పుడే మాకు నవ్వొచ్చేది. ఇప్పుడు సంచి అనంగనే పులి వస్తున్నది."

పాఠం మాట ఎలా ఉన్నా, పులి మాట నన్ను గట్టిగా తాకింది. పలక మీద థాంక్స్ రాశాను. చిన్న పలకే అయినా అక్షరాలు పెద్దవిగా రాశాను.

నకలు తీయించిన సత్తన్నను తలచుకుంటూ అసలు రికార్డింగులతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి బటన్ ముట్టలేదు. కాగితం, పెన్ను తీసుకుని విద్యార్థిలా కూర్చుని నా మాటలు నేనే రాసుకున్నాను. నా చెయ్యి ఆగిన చోటే కత్తిరించాను. హాజరు, కరెంటు, బోర్డు తుడవడం, రెండోసారి చెప్పిన వాక్యాలు పోయాయి. రాసుకునే నిశ్శబ్దాలు ఉండిపోయాయి. గప్పాల్లో పులిని మాత్రం ఉంచాను, కిటికీతో సహా. ఒక్కో క్లాసు గంటంబావు తేలింది.

సోమవారం డెమో కంటే ముందే భాస్కర్ గారి గదికి వెళ్లాను. గంట దాటిందని ఆయన ముఖం ముడుచుకున్నారు. పాత పొట్టి వీడియో పెట్టి, ఒక పెన్ను చేతికిచ్చి, "మీరే రాయండి" అని పలక చూపించాను. డైరెక్టర్‌కి ఫ్యాకల్టీ డిక్టేషన్ పెట్టడం మా రంగంలో లేదు. అయినా ఆయన ఉత్సాహంగానే మొదలుపెట్టారు. గోదావరి ఉపనదులు సగమైనా దాటకముందే చెయ్యి విదిలించుకుని, "ఇదేంది సార్, ఊపిరి తీసుకోనిస్తలేరు" అన్నారు. తర్వాత పొడుగు వీడియో పెట్టాను. చివరిదాకా రాశారు. పులి దగ్గర నవ్వారు కూడా. "పొడుగుదే పెట్టుండ్రి" అని, నా ముందే ఫోన్ తీసి దిల్‌సుఖ్‌నగర్ సార్‌కు రావద్దని చెప్పారు.

సిలబస్ పరీక్షకు ముందే పూర్తయింది. పద్మకు ఆ సారి ఉద్యోగం రాలేదు, తర్వాతి సారి వచ్చింది. అందులో నా వాటా అడగను, ఆ చెయ్యి ఆమెది. నా గొంతు సగం తిరిగి వచ్చింది. ఆ సగంతో ఇంకో రెండు బ్యాచ్‌లు చెప్పి యాభై నాలుగో ఏట విరమించుకున్నాను.

ఇప్పుడు వీడియోలు చేద్దామనుకునే కొత్తవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని నన్ను అడుగుతుంటారు. మీ కంప్యూటర్ మోయగలిగేది, చేసింది వెనక్కి తీసుకోనిచ్చేది ఏదైనా మంచిదే అంటాను. ఆ తర్వాత, చూసేవాళ్ల చేతిలో ఏముంటుంది, పెన్నా, పల్లెమా అని అడుగుతాను. అది చెప్పలేకపోతే ఇంకా ఏ బటనూ నొక్కవద్దని చెబుతాను.